గడప ఉన్న కారు

ఆ కారుని చూసి నవ్వినవాళ్ళని నేనింకా క్షమించలేదు. వాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళు మోకాళ్ళకి పట్టీలు వేసుకుని మనవల్ని ఆడించుకుంటున్నారు. అయినా సరే. ఎక్కడైనా పెళ్ళిలో కనబడితే నమస్కారం పెట్టి, కుశలం అడిగి, పక్కకి తిరిగి ఎవరు ఏ మాట అన్నారో ఒకసారి గుర్తు చేసుకుంటాను. పడవ అన్నది ఒకాయన. శవాల బండి అన్నది ఇంకొకాయన. "దీన్ని పార్క్ చేయాలంటే సగం బండి పక్క ఊళ్ళో పెట్టాలి కదండీ" అని మా నాన్నగారి భుజం తట్టి మరీ నవ్వినాయన, తర్వాత అదే బండిలో తన సామానంతా వేసుకుని ఇల్లు మారాడు. థాంక్స్ కూడా చెప్పలేదు.

అది స్టేషన్ వాగన్. ఇప్పటి పిల్లలకి ఫోటో చూపించి చెప్పాల్సిందే. ముందు ముగ్గురు కూర్చునే ఒకే పొడవాటి సీటు, మధ్యలో ఇంకో ముగ్గురికి చోటు. అందరికంటే వెనక ఇంకో చిన్న సీటు, అది మాత్రం వెనక్కి తిరిగి ఉంటుంది. అందులో కూర్చుంటే వెళ్ళబోయే దారి కనబడదు, వచ్చిన దారే కనబడుతుంది. వెనక తలుపుని పక్కకి లాగితే మామూలు తలుపులా తెరుచుకునేది, కిందికి దించితే బల్లలా పరుచుకునేది. రెండు వైపులా, వెనక తలుపు మీదా గోధుమరంగు చెక్క పలకలు. అవి చెక్క కాదు, చెక్కలాగా అచ్చువేసిన ప్లాస్టిక్ పొర. ఈ విషయం మా ఇంట్లో చాలా ఆలస్యంగా తెలిసింది.

నాన్నగారు దాన్ని డెబ్భై ఎనిమిదిలో కొన్నారు, అప్పటికే ఎవరో అయిదేళ్ళు వాడిన బండి. మేము అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌కి దగ్గర్లో ఉన్న ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. నాకు పన్నెండేళ్ళు. అప్పట్లో మా చుట్టుపక్కల ఉన్న తెలుగు ఇళ్ళు రెండు చేతుల వేళ్ళకి సరిపోయేవి. అందరికీ కార్లు లేవు. న్యూయార్క్‌లో గుడికి వెళ్ళాలన్నా, ఎయిర్‌పోర్టు నుంచి కొత్తగా దిగినవాళ్ళని తీసుకురావాలన్నా మా కారే. తొమ్మిది మంది పట్టే కారులో పదమూడు మందిమి వెళ్ళిన రోజులున్నాయి. మరి నవ్వడం ఎప్పుడంటారా? దిగాక. ఇల్లు చేరి, తలుపు దగ్గర నిలబడి, కాఫీ తాగుతూ నవ్వేవాళ్ళు.

కారు వచ్చిన రోజు అమ్మ పూజ చేసింది. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ, అదంతా అందరిళ్ళలో ఉన్నదే. తర్వాత చేసిన పనే మా అమ్మకి ప్రత్యేకం. వెనక తలుపు అంచు పొడవునా పసుపు రాసి, దాని మీద మూడు కుంకుమ బొట్లు పెట్టింది. పైన అద్దం మధ్యలో ఇంకో బొట్టు పెట్టింది.

"అదేమిటే, గడపకి పెట్టినట్టు పెట్టావు?" అన్నారు నాన్నగారు.

"గడపే కదండీ. చెక్కతో చేసిన గుమ్మం మన దగ్గర ఇదొక్కటే ఉంది," అంది అమ్మ.

ఆ మాట వెనక ఒక కథ ఉంది. అమెరికా వచ్చిన మొదటి ఏడాది మా అపార్ట్‌మెంటు గుమ్మానికి గడప లేదు. తివాచీ వచ్చి ఒక రేకు పట్టీ దగ్గర ఆగిపోయేది. అమ్మ శుక్రవారం పూట ఆ రేకుకే పసుపు రాసింది. పసుపు తివాచీకి పాకింది. అపార్ట్‌మెంటు మేనేజరు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ఆ మరక చూసి, నాన్నగారితో ఏదో గట్టిగా మాట్లాడి వెళ్ళాడు. అప్పటినుంచి అమ్మకి గడప లేదు. సొంతిల్లు కొన్నాక కూడా ఆ ఇంటికి అల్యూమినియం గుమ్మమే వచ్చింది. అయిదేళ్ళు ఊరుకున్న మనిషికి చెక్క తలుపున్న కారు కనబడింది.

తర్వాత వారమే నాన్నగారు గోరుతో ఆ పొర అంచు లేపి చూపించారు. "చెక్క కాదే, స్టిక్కర్." అమ్మ వంగి చూసింది. "మొదలుపెట్టాక మానకూడదు," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఆ వచ్చే శుక్రవారం, ఆ పై శుక్రవారం, మంచు పడినా వాన పడినా, కోటు మీద కోటు వేసుకుని వెళ్ళి ఆ ప్లాస్టిక్‌కి పసుపు రాసేది. తప్పు తెలిసి కూడా ఆపని ఆ మొండితనం నాకు అప్పుడు నవ్వులాటగా ఉండేది. అదే మొండితనం నాకు వచ్చిందని తర్వాత నాన్నగారు వెయ్యిసార్లు అన్నారు.

గడప అన్నాక దాని మర్యాద దానికుంది. దాని మీద కూర్చోకూడదు. కాలు పెట్టి తొక్కకూడదు, దాటాలి. ఆ వెనక తలుపు దించితే చక్కటి బల్ల. అమెరికాలో ప్రతి ఇంట్లోనూ పిల్లలు దాని మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చునేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం పులిహోర గిన్నె కూర్చోవచ్చు, మనుషులు కూర్చోకూడదు.

హైస్కూలుకి వచ్చేసరికి నా స్నేహితులకి ఆ బండి పిచ్చి పట్టింది. నాన్నగారు ట్రైన్‌లో ఆఫీసుకి వెళ్ళేవారు కాబట్టి వారమంతా అది ఇంటి ముందే ఉండేది. స్కూలు వదలగానే అయిదారుగురం వచ్చి, వెనక తలుపు దించి, రేడియో పెట్టుకుని దాని చుట్టూ నిలబడేవాళ్ళం. చుట్టూ నిలబడటమే. బల్ల ఖాళీగానే ఉండేది. ఒకసారి కొత్తగా వచ్చిన ఒక పిల్ల ఎగిరి దాని మీద కూర్చోబోతే, నా క్లాస్‌మేట్, ఎర్రజుట్టు అమ్మాయి, చెయ్యి పట్టి ఆపింది. "కూర్చోకు. అది వాళ్ళ ఇంటి గుమ్మం," అని ఇంగ్లీషులో మహా సీరియస్‌గా చెప్పింది. కిటికీలోంచి అమ్మ ఆ దృశ్యం చూసింది. ఆ సాయంత్రం ఎర్రజుట్టు అమ్మాయికి రెండు పూర్ణాలు ఎక్కువ దొరికాయి.

మాకెందుకు అంత ఇష్టం అంటే ఏం చెప్పను? మా వయసు మగపిల్లలకి రెండు తలుపుల స్పోర్ట్స్ కార్లంటే పిచ్చి. వాటిలో ఎక్కేది ఇద్దరు. తక్కినవాళ్ళు రోడ్డు పక్కన నిలబడి చూడాలి. మా బండిలో ఎవరినీ వదిలి వెళ్ళక్కర్లేదు. అది ఎవరితోనూ పందేనికి వెళ్ళేది కాదు, ఎవరూ దాన్ని పందేనికి పిలిచేవారూ కాదు. హుడ్ పొడవు చూస్తే ముందు ఇంకో గది ఉన్నట్టుండేది. ఇంజన్ స్టార్ట్ చేస్తే సీటు కింద నుంచి సన్నగా ఒక వణుకు వచ్చేది, అది నాకు ఈ వేలికొసల్లో ఇప్పటికీ ఉంది. నాకు ఆ బండి నడపాలనుండేది. అలాంటిది ఒకటి కాదు, అదే బండి. పదిహేడు నిండి లైసెన్స్ వచ్చిన రోజు దాన్ని నేనే రోడ్డెక్కించాలని పద్నాలుగో ఏటనుంచీ అనుకుంటూ ఉన్నాను.

ఈలోపు పెట్రోలు కరువు వచ్చి పోయింది. డెబ్భై తొమ్మిది వేసవిలో నంబర్ ప్లేట్ చివర సరి అంకె ఉన్నవాళ్ళు ఒక రోజు, బేసి అంకె ఉన్నవాళ్ళు ఒక రోజు బంకుల ముందు క్యూ కట్టారు. మా బండి తాగుబోతు. నాన్నగారు క్యూలో చెమటలు కక్కుతుంటే, పక్కన అంకుల్స్ ఒక్కొక్కరూ చిన్న జపాన్ కార్లు కొనుక్కుని ఝామ్మని వెళ్ళిపోయారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం భోజనాల దగ్గర అదే పాట. నాన్నగారు నాలుగేళ్ళు ఓపిక పట్టారు. ఎనభై మూడులో ఆయన ఓపిక అయిపోయింది.

"ఈ నెలలో దీన్ని డీలర్‌కి ట్రేడ్ ఇన్ ఇచ్చేసి, పైన డబ్బు కట్టి చిన్న కారు తీసుకుంటున్నాను," అన్నారు ఒక రోజు అన్నం తింటూ.

నేను చేతిలో ముద్ద పళ్ళెంలో పడేశాను. "నేను లైసెన్స్ తీసుకునేది వచ్చే నెల నాన్నా. ఆ కారులోనే టెస్ట్ ఇస్తాను."

"ఆ కారులోనా? రెండు బండ్ల మధ్యకి వెనక్కి దూర్చే ఆ పారలల్ పార్కింగ్ దాంతో నేనే చేయలేను. అంకుల్ వాళ్ళ చిన్న కారు అడుగుతాను, అందులో టెస్ట్ ఇవ్వు. ఆడపిల్ల అంత పడవని నడపడం నేనెక్కడా చూడలేదు."

"ఇప్పుడు చూస్తారు."

నాన్నగారు చెయ్యి కడుక్కుని వచ్చి, నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వారు. ఆయన కూడా నవ్వారు, చూడండి. "సరే. మొదటిసారే ఆ కారులో పాస్ అయ్యావా, అది నీది. ఫెయిల్ అయ్యావా, మర్నాడే డీలర్ దగ్గరికి. డీల్?" నేను డీల్ అన్నాను. అమ్మ మజ్జిగ పోస్తూ ఆ మాటలన్నీ విన్నది. ఏమీ అనలేదు. అనడం ఆవిడ అలవాటు కాదు, అప్పటికి.

అమ్మకి డ్రైవింగ్ రాదు. నేర్పమని అడిగిందో లేదో నాకు తెలియదు, నేర్పుతానని ఎవరూ అనలేదని తెలుసు. మా ఊళ్ళో సగం రోడ్లకి పేవ్‌మెంట్ ఉండేది కాదు. నాన్నగారు ఊళ్ళో లేనప్పుడు పాలు కావాలంటే చీర మీద కోటు వేసుకుని, రెండు చేతుల్లో సంచులతో, రోడ్డు అంచున గడ్డిలో నడుచుకుంటూ వెళ్ళేది. కార్లలో పోయేవాళ్ళు హార్న్ కొట్టేవాళ్ళు. అందరం కలిసి ఎక్కడికైనా వెళ్తే మగవాళ్ళు ముందు సీట్లో, అత్తయ్యలూ ఆంటీలూ మధ్య సీట్లో, అమ్మ పిల్లలతో అన్నిటికంటే వెనక. అయిదేళ్ళు మా అమ్మ అమెరికాని వెనక్కి తిరిగే చూసింది. ఇదంతా నాకు అప్పుడు తట్టలేదు. నా గొడవ నాది.

నాకు నేర్పింది మా ఎదురింటావిడ. స్కూలు బస్సు నడిపేది, యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా మచ్చలు. ఆవిడ చిన్న కార్లని బొమ్మలు అనేది. నాన్నగారు "ఆవిడ నేర్పితే నాకు అభ్యంతరం లేదు, నేను పక్కన కూర్చుంటే నా గుండె ఆగుతుంది" అని తప్పుకున్నారు. సాయంత్రాలు ఖాళీగా ఉన్న చర్చి పార్కింగ్‌లో రెండు చెత్త డబ్బాలు పెట్టి, వాటి మధ్య కారు దూర్చమనేది. మొదటి వారం ఆ డబ్బాలు పడ్డ పాట్లు చెప్పకూడదు.

"నువ్వు అన్ని వైపులా చూస్తున్నావు హనీ," అంది ఒక రోజు. "పెద్ద బండి నడిపేవాళ్ళు అన్నీ చూడరు. ఒక గుర్తు పెట్టుకుంటారు, దాన్ని నమ్ముతారు. వెనక అద్దం మీద ఆ ఎర్ర చుక్క ఏమిటి?"

"మా అమ్మ పెట్టింది. ప్రార్థన."

"మంచిది. ఆ చుక్క వెనక డబ్బా మీదికి వచ్చేదాకా వెనక్కి పో. వచ్చాక స్టీరింగ్ డబ్బాల వైపు వాల్చేయి."

బొట్టు డబ్బా మీదికి వచ్చింది. నేను స్టీరింగ్ వాల్చాను. పంతొమ్మిది అడుగుల ఆ బండి మెత్తగా, ఎక్కడా తగలకుండా, రెండు డబ్బాల మధ్యకి వచ్చి నిలబడింది. బస్సావిడ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి తలుపు మీద రెండు దెబ్బలు కొట్టింది. తర్వాత ఇరవైసార్లు చేశాను. ఇరవైసార్లూ బొట్టు చెప్పిన చోటే తిప్పాను.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇంత పౌరుషం మాట్లాడే నేను, టెస్ట్ రోజు పొద్దున్నే లేచి, తడిగుడ్డ పట్టుకుని వెళ్ళి ఆ పసుపంతా తుడిచేశాను. అద్దం మీద బొట్టు కూడా. ముందు రోజు ఒక ఆంటీ ఇంటికి వచ్చి, "గవర్నమెంట్ వాళ్ళ ముందుకి ఆ పసుపూ అదీ ఎందుకమ్మా, డర్టీగా ఉందనుకుంటారు" అంది. నేను పైకి మూతి తిప్పాను. లోపల గుచ్చుకుంది. తుడుస్తుంటే అమ్మ వంటింటి కిటికీ దగ్గర ఉంది. నేను చూడలేదనుకుంటారేమో, చూశాను. అమ్మ తల తిప్పుకుంది. ఆ తల తిప్పుకోవడం నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు.

టెస్ట్ లైసెన్స్ ఆఫీసు వెనక గీతలు గీసిన మైదానంలో జరిగింది. ఎగ్జామినర్ సన్నటి మీసాలాయన. బండి చుట్టూ నడవడానికి ఆయనకి పట్టిన టైముకి ఆయనకే నవ్వొచ్చింది. మలుపులు బాగా తిప్పాను, స్టాప్ గుర్తు దగ్గర ఆగాను. పార్కింగ్ కోసం ముందూ వెనకా నిలబెట్టిన రెండు కర్రల దగ్గర మెడ తిప్పి వెనక్కి చూస్తే అద్దం తళతళా ఉంది. గుర్తు లేదు. ఎక్కడ తిప్పాలో తెలియలేదు. ఊహించి తిప్పాను. టక్‌మని చప్పుడైంది. వెనక కర్ర పడిపోయింది.

"వచ్చేసారి చిన్న కారు తెచ్చుకో, స్వీట్‌హార్ట్," అన్నాడు ఎగ్జామినర్, కాగితం మీద గీత కొడుతూ.

"వచ్చేసారి కూడా ఇదే తెస్తాను," అన్నాను.

రెండు వారాల దాకా మళ్ళీ టెస్ట్ ఇవ్వడానికి లేదు. ఇంటికి వచ్చేదాకా బస్సావిడే నడిపింది. నాన్నగారికి సాయంత్రం చెబితే ఆయన పాపం సంతోషించలేదు, కానీ మాట మీద నిలబడే మనిషి. "డీల్ ఈజ్ డీల్ తల్లీ," అని డీలర్‌కి ఫోన్ చేసి శుక్రవారానికి అపాయింట్‌మెంట్ పెట్టుకున్నారు. నేను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను. తుడిచింది నేనే కాబట్టి ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు కూడా లేదు.

శుక్రవారం పొద్దున కిందికి వచ్చేసరికి అమ్మ బయట ఉంది. వెనక తలుపుకి పసుపు మందంగా రాసింది. అద్దం మీద బొట్టు ఈసారి పావలా కాసంత ఉంది. నాన్నగారు తాళాలు తీసుకుని వచ్చారు.

"శుక్రవారం పూట గడప అమ్ముతారా?" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "లక్ష్మిని ఇంట్లోంచి పంపిస్తారా?"

నాన్నగారు ఇంజనీరు. ఇలాంటివి నమ్మనంటారు. నమ్మరు గాని దాటరు. కారు వచ్చిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టమన్నది ఆయనే. తాళాలు మేకుకి తగిలించి ట్రైన్‌కి వెళ్ళిపోయారు.

శనివారం వెళ్దామన్నారు. "శనివారం ఇనప వస్తువు కొంటే ఇంటికి మంచిదా?" అంది అమ్మ. ఆదివారం మా రాష్ట్రంలో కార్లు అమ్మరు, ఆ రోజు అమ్మ తరఫున న్యూజెర్సీ ప్రభుత్వమే చూసుకుంది. సోమవారం అష్టమి. మంగళవారం, ఎలాగూ మంగళవారం, పైగా నవమి. బుధవారానికి నాన్నగారి సహనం సన్నబడింది. అమ్మ ఇండియా నుంచి పోస్టులో తెప్పించుకునే పంచాంగం తెచ్చి, ముక్కు దగ్గర పెట్టుకుని చదివింది. "సాయంత్రమంతా వర్జ్యం. రేపటి నుంచి మూఢం. మూఢంలో వాహనం కొనరు."

"మూఢం ఎన్నాళ్ళు?"

"పోయినప్పుడు చెప్తాను."

"మరి నీ కూతురి టెస్టుకి మూఢం లేదా?"

"పరీక్షలకి మూఢం ఉండదండీ. మీ ఇంజనీరింగ్ పరీక్షలు మూఢం చూసుకునే రాశారా?"

నాన్నగారు నా వైపు చూశారు. నేను పళ్ళెం వైపు చూశాను. ఆ రాత్రి ఆయన పేపర్ చదువుతూ, "ఇండియా టైమా, అమెరికా టైమా ఆ వర్జ్యం?" అని ఒకసారి గొణిగారు. మళ్ళీ అడగలేదు.

రెండోసారి టెస్టుకి నేను కారు తుడవలేదు. పసుపు పసుపులాగే, బొట్టు బొట్టులాగే ఉంచి, అలాగే తీసుకెళ్ళాను. అదే ఎగ్జామినర్. వెనక్కి నడిచి వెళ్ళి వేలు పెట్టి చూసి వచ్చాడు. వేలికి అంటింది.

"ఇదేమిటి?"

డర్ట్ అనొచ్చు, పెయింట్ అనొచ్చు. అంతకు ముందు పదేళ్ళు స్కూల్లో నేను ఇలాంటివాటికి అలాంటి జవాబులే చెప్పాను. "టర్మరిక్. ఇది మా ఇంటి గుమ్మం. మా అమ్మ ప్రతి శుక్రవారం పెడుతుంది," అన్నాను, కళ్ళలోకి చూసి. ఆయన వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు. పసుపు ప్యాంటుకి అంటితే ఏమవుతుందో ఆయన భార్యకి తెలిసి ఉంటుంది.

పార్కింగ్ దగ్గర మెడ తిప్పాను. అద్దం మధ్యలో పావలా కాసంత ఎర్రగా ఉంది. నెమ్మదిగా వెనక్కి వెళ్ళాను. బొట్టు కర్ర మీదికి వచ్చింది. స్టీరింగ్ వాల్చాను. ఆ పడవ, ఆ శవాల బండి, సగం పక్క ఊళ్ళో పెట్టాల్సిన ఆ బండి, కర్రల మధ్యకి వచ్చి నిలబడింది. ఎగ్జామినర్ తలుపు తీసి కిందికి చూశాడు. గీతకీ చక్రానికీ మధ్య దూరం చూసి, ఒకసారి నన్ను చూసి, సంతకం పెట్టాడు. చిన్న కారు సంగతి ఎత్తలేదు.

"రెండోసారి కదా పాస్ అయింది," అన్నారు నాన్నగారు సాయంత్రం, లైసెన్స్ అటూ ఇటూ తిప్పుతూ.

"రెండోసారి అని దాని మీద రాశారా?" అంది అమ్మ.

నాన్నగారు ఓడిపోవడం తెలిసిన మనిషి, అది చిన్న గుణం కాదు. నవ్వేసి, చిన్న జపాన్ కారు తన కోసం కొనుక్కుంటాననీ, పడవ నాకే వదిలేస్తున్నాననీ చెప్పారు. ఆయన ఎప్పుడు కొంటారో, మళ్ళీ మనసు ఎప్పుడు మారుతుందో అని నాకు భయం. మూఢం ఎన్ని రోజులు అడ్డు ఉంటుందో చూసుకుందామని మర్నాడు స్కూలు నుంచి రాగానే పంచాంగం తీశాను. తెలుగు చదవడం అమ్మే నేర్పింది, ఆవిడ ఆ సంగతి మర్చిపోయినట్టుంది. పేజీలు తిప్పాను. ఆ బుధవారం దశమి. సాయంత్రం వర్జ్యం లేదు సరికదా, అమృత ఘడియలున్నాయి. మూఢం ఆ నెలలో లేదు, పై నెలలోనూ లేదు. ముందు పేజీలు, వెనక పేజీలు అన్నీ వెతికాను. పాలలో నీళ్ళు ఉన్నాయా అని అడిగినా అబద్ధం చెప్పలేని మా అమ్మ, పంచాంగం చేత్తో పట్టుకుని, మొగుడి మొహం మీద అబద్ధం చదివింది. నాకోసం. నాకు ఏడుపొచ్చింది.

పంచాంగం చంకలో పెట్టుకుని బయటికి పరిగెత్తాను. అమ్మ కారు పక్కనే ఉంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కాళ్ళకి నా పాత టెన్నిస్ బూట్లు వేసుకుంది. ముందు సీట్లో కిటికీ పక్కన బస్సావిడ చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి మధ్యకి రమ్మని సీటు మీద తట్టింది. నేను ఎక్కి కూర్చున్నాను. స్టీరింగ్ వైపు తలుపు తీసుకుని అమ్మ ఎక్కింది.

అమ్మ చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి డాష్‌బోర్డు మీద పెట్టింది. లెర్నర్స్ పర్మిట్. అమ్మ పేరు, అమ్మ సంతకం. దాని మీద తేదీ ఆ మొదటి శుక్రవారానిది. గడప అమ్మకూడదని చెప్పి నాన్నగారిని ట్రైన్ ఎక్కించిన రోజే, బస్సావిడని తోడు తీసుకుని వెళ్ళి రాత పరీక్ష రాసి వచ్చింది.

"పంచాంగంలో మూఢం లేదమ్మా," అన్నాను. "నాకోసం అబద్ధం చెప్పావు."

అమ్మ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టింది. పొడవాటి ఆ హుడ్‌ని, దాని అవతల రోడ్డుని, మొదటిసారి ముందు సీట్లోంచి చూసింది.

"నీకోసమని ఎవరు చెప్పారు?" అంది. "సీటు ముందుకి జరుపు, కాలు అందడం లేదు."

ఆ సీటు ముగ్గురికీ ఒకటే. అమ్మ మీదుగా వంగి మీట లాగాను. ముగ్గురం కలిసి ముందుకి జరిగాం. బస్సావిడ మోకాళ్ళూ నా మోకాళ్ళూ డాష్‌బోర్డుకి నొక్కుకున్నాయి.

"ఇంకొంచెం," అంది అమ్మ.